ఒక్క ఒత్తు వెలుగు

శంషాబాద్ పేరులోనే సూర్యుడున్నాడు. శమ్స్ అంటే అరబ్బీలో సూర్యుడు. నిజాముల కొలువులో వాళ్ల తర్వాత అంతటివాళ్లనిపించుకున్న పైగా ప్రభువుల బిరుదు శమ్స్-ఉల్-ఉమ్రా. అంటే అమీరుల్లో సూర్యుడన్నమాట. ఆ బిరుదు మీదుగానే ఊరికి ఈ పేరు వచ్చిందని చెబుతారు. పేరు పెట్టిన మహానుభావుడెవరోగానీ, 2008 మార్చి 23 నుంచి ఆ ఊరికి నిజంగానే రాత్రన్నది లేకుండా పోయింది. బేగంపేటలో విమానాలు ఆగి ఇక్కడ దిగడం మొదలైంది ఆ రోజునే. అయిదున్నర వేల ఎకరాల విమానాశ్రయం. పీవీ ఎక్స్‌ప్రెస్ వే దిగి అటు తిరిగారంటే ఆకాశం అడుగుభాగమంతా పసుపు నీళ్లు కలిపినట్టు కనిపిస్తుంది.

అదే బెంగుళూరు రోడ్డు మీద ఇంకొంచెం ముందుకు పోయి, పాల్మాకుల దాటాక ఏదో ఒక మట్టిబాటలోకి మళ్లి చూడండి. నాలుగు పొలాలు దాటేసరికి నిజాం కాలం నాటి చీకటి నిజాం కాలం నాటిలాగే ఉంటుంది. తల పైన విమానం దీపాలు మిణుకుమంటూ దిగుతుంటాయి. కాళ్ల కింద ఏముందో మాత్రం కనబడదు.

మావారి చిన్న మేనమామ కాపురం ఆ చీకట్లోనే. చుట్టుపక్కల భూములన్నీ ప్లాట్లయి, రాళ్లు పాతుకుని కూర్చున్నా, తన రెండెకరాలు మాత్రం ఆయన అమ్మలేదు. కూరగాయలు వేస్తాడు. డెబ్బై ఏళ్లు దాటినా రాత్రి పూట బావి దగ్గరికి పోవడం మానడు. పోయిన వానాకాలంలో ఆయన పక్క పొలం రైతుని రక్తపింజరి కాటేసింది. సమయానికి ఆసుపత్రికి చేరాడు కాబట్టి బతికాడు. అప్పట్నుంచీ మా అత్తగారికి తమ్ముడి మీద బెంగ. "వానికో మంచి బ్యాట్రి కొనిచ్చుర్రి" అని రోజూ ఒకటే పోరు. మా ప్రాంతంలో పెద్దవాళ్లు టార్చిలైటుని బ్యాట్రి అనే అంటారు. లోపల ఉన్నదాని పేరు బయటి వస్తువుకి వచ్చింది.

సరే, కొనడం నా వంతయింది. టార్చి కొనడమంటే ఒకప్పుడు రెండు సెల్లులదా, మూడు సెల్లులదా అన్న ఒక్క ప్రశ్న. ఇప్పుడలా లేదు. విమానాశ్రయంలో విమానాల మరమ్మతు చేసే చోట పనిచేసే మా అన్న కొడుకుని సలహా అడిగితే, వాడు నా ముందు ఓ పురాణమే విప్పాడు. "ప్రోగ్రాము చేసుకునే టార్చిలొచ్చినయ్ అత్తమ్మా. ఎంత వెలుగు కావాలో, ఎన్ని నొక్కులకి ఏం జరగాలో మనమే రాసుకోవచ్చు" అన్నాడు. ప్రోగ్రాము రాసుకునే దీపం! నవలలు రాసే దాన్ని, దీపానికి కూడా రాతకోతలున్నాయంటే ఊరుకుంటానా? అసలు ఈ వస్తువు ఎక్కణ్నుంచి వచ్చిందో చూద్దామని కూర్చున్నాను. చూసిన కొద్దీ అది మా తాత గూట్లో టార్చి దాకా, భోపాల్ దాకా, సూరత్తు బియ్యంలో రాళ్లలా ఎక్కడెక్కడో తగిలింది.

టార్చి అన్న ఇంగ్లీషు మాటకి మొదటి అర్థం కాగడా. దివిటీ. మన దొరల ఇళ్లలో, పెళ్లి ఊరేగింపుల్లో దివిటీ పట్టడానికి ప్రత్యేకంగా మనుషులుండేవాళ్లు. హైదరాబాదు ఉర్దూలో వాళ్లని మషాల్చీలనేవారు. దీపం ఒకరి చేతిలో, వెలుగు ఇంకొకరి దారి మీద. తరవాత గాజు చిమ్నీ కందీలు వచ్చింది. కిరసనాయిలు దీపం కాబట్టి గాలికి కాస్త ఆగుతుంది. కానీ వానకి ఆగదు, పరిగెడితే ఆగదు, పైగా మనిషి చుట్టూ పరుచుకుంటుందే గానీ ముందుకి చూపదు. చీకట్లో నడిచే వాడికి కావలసింది తన ముఖం మీద వెలుగు కాదు కదా.

ముందుకి చూపే దీపం న్యూయార్కులో పుట్టింది. డేవిడ్ మిసెల్ అనే ఆయన కాగితపు గొట్టంలో సెల్లులు పేర్చి, ఒక కొసన బల్బూ, దాని వెనక ఇత్తడి అద్దమూ పెట్టి 1899 జనవరి 10న పేటెంటు పొందాడు. ఆ హక్కు కాన్రాడ్ హ్యూబర్ట్ కంపెనీకి దక్కింది. హ్యూబర్ట్ అసలు పేరు అకీబా హోరోవిట్జ్. రష్యా సామ్రాజ్యంలోని మిన్‌స్క్ వైపు నుంచి వలస వచ్చిన యూదుడు. ఆ కంపెనీ మొదట కొన్ని దీపాలను న్యూయార్కు పోలీసులకి ఊరికే పంచిపెట్టిందట. వాళ్లు మెచ్చుకున్నాక అమ్మకాలు సాగాయి. అదే కంపెనీ పెట్టుకున్న పేరు ఎవర్ రెడీ. 1928లో చనిపోయేనాటికి హ్యూబర్ట్ కోట్లకు అధిపతి, అందులో ఎక్కువ భాగం దానధర్మాలకి రాసిపోయాడు.

అమెరికావాళ్లు దీన్ని టార్చి అనరు, ఫ్లాష్‌లైట్ అంటారు. ఎందుకో తెలుసా? ఆనాటి సెల్లులకి సత్తువ లేదు. బల్బులో కార్బను తీగ ఆబగా కరెంటు మింగేది. ఒకసారి నొక్కితే కొద్ది సెకన్లు వెలిగేది, వెంటనే సెల్లుకి విశ్రాంతి ఇవ్వాలి. అంటే మెరుపులా మెరిపించి ఆపడమే తప్ప వెలిగించి ఉంచడానికి లేదు. అందుకే ఆ పేరు.

ఇది చదివినప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. షాద్‌నగర్ దగ్గర మా ఊళ్లో ఆయనకి మూడు సెల్లుల ఇత్తడి రంగు టార్చి ఉండేది. గూట్లో పెట్టి, ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. రాత్రి పొలం నుంచి వస్తుంటే మేము అరుగు మీద కూర్చుని చూసేవాళ్లం. దూరంగా ఒక మెరుపు. చీకటి. పది అడుగులైనాక ఇంకో మెరుపు. ఒక్కసారి వెలిగించి దారి అచ్చు గుద్దుకుని, ఆ జ్ఞాపకంతో పది అడుగులు నడిచేవాడన్నమాట. సెల్లులు అరిగిపోతాయని. న్యూయార్కులో 1899లో సెల్లుకి సత్తువ లేక మెరిపించారు, మా ఊళ్లో 1987లో సెల్లు కొనే సత్తువ లేక మెరిపించారు.

సెల్లు గురించి రెండు ముక్కలు చెప్పాలి. 1866లో లెక్లాంషె అనే ఫ్రెంచి ఇంజనీరు తయారుచేసినది గాజు సీసాలో ద్రవంతో ఉండేది. దాన్ని పట్టుకుని నడవడమంటే పాలచెంబుతో పరిగెత్తడమే. 1880లలో గాస్నర్ అనే జర్మన్ డాక్టరు అందులోని ద్రవాన్ని ముద్దగా చేసి జింకు డబ్బాలో కూరాడు. డబ్బాయే ఒక ధ్రువం, మధ్యలో బొగ్గు కడ్డీ రెండోది. ఆ ముద్దలో ఉన్నది మరేమీ కాదు, కళాయి పెట్టేవాళ్లు వాడే నవాసారమే. కడ్డీ చుట్టూ ఉండే నల్లపొడి మాంగనీసు. ఒక సెల్లుకి ఒకటిన్నర వోల్టు. నూరేళ్లు పైబడి ఇదే లెక్క.

ఇదంతా తెలియకుండానే మన పిల్లలందరికీ సెల్లు విద్య వచ్చు. అయిపోయిన సెల్లుల్ని ఎండలో పెట్టడం, పంటితో నొక్కడం, పైదాన్ని కిందికీ కిందిదాన్ని పైకీ మార్చడం మీరూ చేసే ఉంటారు. పూర్తిగా చచ్చాక పగలగొడితే నల్లపొడి వచ్చేది. బళ్లో ఆ పొడిని ఆకు పసరుతో నూరి నల్లబల్లకి పూసేవాళ్లం. బొగ్గు కడ్డీతో అరుగుల మీద గీతలు గీసేవాళ్లం. చెయ్యి అడ్డం పెట్టి వెలిగిస్తే అరచెయ్యి మందారపువ్వులా ఎర్రబడేది. ఆ ఎరుపు నేను మళ్లీ ఏ వస్తువులోనూ చూడలేదు.

ఆ సెల్లుల మీద కంపెనీల పేర్లు మనకి బంధువుల పేర్లలాగే నోరు తిరిగాయి. ఎవర్ రెడీ కంపెనీ 1934లో కలకత్తాలో దుకాణం తెరిచింది. తర్వాత ఫ్యాక్టరీలు పెట్టింది. హైదరాబాదులో మౌలాలిలో కూడా వాళ్ల సెల్లుల ఫ్యాక్టరీ ఉండేది, టార్చిలు లక్నోలో తయారయ్యేవి. జీప్ టార్చిలు అలహాబాదువి. 1972లో మన పి. ఓబుల్ రెడ్డిగారు జపాను మత్సుషితా వాళ్ల సాయంతో ఇండో నేషనల్ పెట్టారు. ఫ్యాక్టరీ అప్పటి నెల్లూరు జిల్లాలోని తడ దగ్గర. సెల్లు పేరు నిప్పో. జపానుకి నిప్పన్ అని పేరుంది గనక ఆ పేరట, కానీ మా ఊళ్లో అందరూ అది నిప్పు నుంచే వచ్చిందనుకున్నారు. నాకు మా ఊరివాళ్ల వ్యాకరణమే బాగుంది.

ఎవర్ రెడీ సెల్లు సంగతి అంత తేలిగ్గా చెప్పి దాటలేను. ఆ కంపెనీ 1959 నుంచి పెట్టుకున్న పేరు యూనియన్ కార్బైడ్ ఇండియా లిమిటెడ్. అవును, అదే. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక భోపాల్లో విషవాయువు వదిలింది, మా తాత గూట్లో సెల్లులు తయారుచేసిందీ ఒకే కంపెనీ. భోపాల్లో వాళ్లు చేసేది సెవిన్ అనే పురుగుమందు. ఆ రాత్రి నిద్రలోంచి లేచి చీకట్లో ఎటు పరిగెత్తాలో తెలియక వేలమంది చనిపోయారు. గాలి ఎటు వీస్తోందో చెప్పినవాళ్లు లేరు. తడిగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకోండని చెప్పినవాళ్లు లేరు. నాకప్పటికి ఇంకా ఊహ తెలియదు. బి.ఏ. చదివే రోజుల్లో లైబ్రరీలో పాత పత్రికలు తిరగేస్తుంటే ఈ రెండు పేర్లూ ఒకటేనని తెలిసింది. ఆ వేళ పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. 1994లో అమెరికా కంపెనీ తన వాటా అమ్మేసుకుని పోయింది. కొన్నది కలకత్తా ఖైతాన్‌ల సంస్థ. కంపెనీ పేరు ఎవరెడీ ఇండస్ట్రీస్‌గా మారింది. పల్లెల్లో చీకటికి భయపడేవాళ్లకి ధైర్యం అమ్మిన డబ్బూ, భోపాల్ ట్యాంకులో జాగ్రత్తలకి మిగుల్చుకున్న డబ్బూ ఒకే పద్దు పుస్తకంలోకి చేరాయి. టార్చి చరిత్ర రాస్తూ ఈ పేజీని ఎవరైనా దాటేస్తే నేను ఒప్పుకోను.

మళ్లీ పొలానికి వద్దాం. మన రైతుకి రాత్రి పూట బావి దగ్గర పనేమిటని పట్నంవాళ్లు అడుగుతారు. కరెంటు ఎప్పుడిస్తే అప్పుడే కదా నీళ్లు! ఎన్నో ఏళ్లపాటు మోటార్లకి కరెంటు విడతలుగా ఇచ్చారు, ఒక విడత పగలొస్తే ఇంకోటి అర్ధరాత్రి. 2004లో కరెంటు ఉచితమైంది గానీ వేళలు మారలేదు. తెలంగాణలో 2018 జనవరి 1న వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు మొదలయ్యేవరకూ రైతు నిద్ర లైన్‌మన్ చేతిలో ఉండేది. అర్ధరాత్రి లేచి, గట్ల మీద నడిచి, స్టార్టరు డబ్బా తెరిచి, టార్చిని మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని రెండు చేతులతో ఫ్యూజు వెయ్యాలి. ఒక్కోసారి టార్చి పళ్లతో పట్టుకోవాలి. పక్కన తడి మట్టి. అలా పోయిన ప్రాణాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. కరెంటుకి కొందరు, పాముకి కొందరు.

పాముకాటు లెక్కలు చూస్తే గుండె గుభేలుమంటుంది. 2000 నుంచి 2019 వరకూ ఇరవయ్యేళ్లలో మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షలమంది పోయారని 2020లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. ఏడాదికి సగటున 58 వేలు. నూటికి డెబ్బై చావులు ఎనిమిది రాష్ట్రాల్లోనే, వాటిలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. సగం చావులు వానాకాలపు నాలుగు నెలల్లో. పోయినవాళ్లు ఎక్కువమంది పల్లెలవాళ్లు, ఇల్లు నడిపే వయసువాళ్లు. 2024లో కేంద్ర ప్రభుత్వం పాముకాటుకని జాతీయ కార్యాచరణ ప్రణాళిక ఒకటి ప్రకటించింది. మందులు, శిక్షణ, లెక్కలు అన్నీ అవసరమే. కానీ ఆ విషయం తెలిసిన డాక్టర్లు మొదటగా చెప్పేవి రెండే, కాళ్లకి చెప్పులు, చేతిలో టార్చి.

ఈ చేతిలో టార్చిని మార్చేసింది జపానులో తొకుషిమా ప్రాంతంలోని ఒక చిన్న పట్నంలో నిచియా కంపెనీ ఉద్యోగి షూజి నకమురా. ఎర్ర ఎల్.ఇ.డి. 1962 నుంచీ ఉంది. నీలం రాకపోతే తెల్ల వెలుగు రాదు. 1993లో ఆయన కాంతివంతమైన నీలం సాధించాడు, మూడేళ్లకి ఆ నీలం మీద పసుపు పూత వేసి కంపెనీ తెల్ల దీపం తెచ్చింది. అకసాకి, అమానోలతో కలిపి ఆయనకి 2014లో నోబెల్ వచ్చింది. కంపెనీ మొదట్లో ఆయనకిచ్చిన బహుమానం ఇరవై వేల యెన్‌లట! తరవాత కోర్టుకెక్కితే 2005లో రాజీ కింద ఎనభై నాలుగు కోట్ల యెన్‌లు ముట్టాయి. మన దగ్గర అయితే శాలువా కప్పి పంపేవాళ్లు.

ఆ తెల్ల దీపం మన కోఠీ గుజరాతీ గల్లీకి చైనా టార్చిల రూపంలో గుట్టలుగా దిగింది. ఈలోగా 2003లో నోకియా 1100 ఫోను వచ్చింది, నెత్తి మీద చిన్న టార్చితో. ప్రపంచమంతటా పాతిక కోట్లు అమ్ముడయిన ఆ ఫోనుని మా ఊళ్లో సగంమంది టార్చి కోసమే కొన్నారంటే నమ్ముతారా? ఫోను మోగకపోయినా ఫరవాలేదు, అది వెలగాలి.

ఇక మా మేనల్లుడి ప్రోగ్రాము టార్చి. మధ్యవేలంత పొడుగు, బొటనవేలు కంటే కొంచెం లావు. లోపల ఒక్క లిథియం సెల్లు. దాన్ని 18650 అంటారు, పద్దెనిమిది మిల్లీమీటర్ల లావు, అరవై అయిదు పొడుగు అన్నమాట. 1991లో సోనీవాళ్లు బజార్లోకి తెచ్చిన లిథియం సెల్లుకి దారి వేసినవాళ్లకి 2019లో నోబెల్ ఇచ్చారు. తాత టార్చి వెలుగు మహా అయితే పాతిక ల్యూమెన్లు. ఇది వెయ్యి దాటుతుంది. ఒక్క మీట, అంతే. ఆ మీట వెనక చిన్న కంప్యూటరు, అందులో ఆండురిల్ అనే ప్రోగ్రాము. టోల్కీన్ నవలలో మెరిసే కత్తి పేరది. లాభం ఆశించకుండా రాసి, ఎవరైనా తీసుకోండి, మార్చుకోండి అని వదిలేశారు దాన్ని.

ఒక నొక్కుకి వెలుగుతుంది. ఆరి ఉన్నప్పుడు నొక్కి పట్టుకుంటే అతి చిన్న వెలుగుతో మొదలై, వేలు తియ్యనంతసేపూ పెరుగుతూ పోతుంది. మూడు నొక్కులకి సెల్లులో ఎంత సత్తువ మిగిలిందో రెప్పలార్పి లెక్క చెబుతుంది. నాలుగు నొక్కులకి తాళం పడుతుంది, జేబులో పొరపాటున వెలిగి బట్ట కాల్చకుండా. ఇవి కాక మెరుపులా మెరిసేది, కొవ్వొత్తిలా రెపరెపలాడేది, ఇంకా నాకు గుర్తులేనన్ని.

దీన్ని రోజూ వెంట ఉంచుకోవడం అమెరికాలో ఒక ఉద్యమంలాంటిదట. ఎవ్రీడే క్యారీ అంటారు. జేబులో చాకు, టార్చి, పెన్ను ఏవేవి ఉండాలో చర్చలు! మా నాయనమ్మ బొడ్లో సంచి తీసి చూపిస్తే వాళ్లు చేతులెత్తి మొక్కేవాళ్లు. అందులో వక్క, సున్నం డబ్బీ, అడకత్తెర, పిన్నీసు, చిల్లర, మడిచిన మందుపొట్లం ఉండేవి. లేనిది టార్చి ఒక్కటే.

మా వాడికి మాత్రం ఇది సరదా కాదు. రాత్రి విమానం కింద పడుకుని రెక్క అడుగున బొల్టులు చూసేటప్పుడు హ్యాంగరు దీపాలన్నీ కలిసి ఇవ్వని వెలుగు ఇది ఇస్తుందంటాడు. వాడు చెప్పిన ఇంకో ముక్క నాకు భలే నచ్చింది. రాత్రిళ్లు ఎగిరే విమానంలో సిబ్బంది కూర్చునే ప్రతి స్థానం దగ్గరా ఒక చేతి టార్చి ఉండాలని అంతర్జాతీయ పౌర విమానయాన నియమాల్లోనే ఉందట. వందల కోట్ల యంత్రం, అందులో వెయ్యి దీపాలు, అయినా చివరికి మషాల్చీ లేకుండా బయల్దేరడానికి వీల్లేదు! అదే విమానం ఎక్కే ప్రయాణికుడు మాత్రం విడి లిథియం సెల్లుల్ని పెట్టెలో వేసి పంపకూడదు, చేతిసంచిలోనే పట్టుకెళ్లాలి. కింద సామాన్లలో అంటుకుంటే ఆర్పేవాళ్లుండరు కదా. నూరు వాట్-గంటల దాకా హద్దు. మన 18650 పన్నెండే, అంచేత దానికేం ఇబ్బంది లేదు.

ఇన్ని తెలుసుకుని, వాడి దగ్గరున్నదొకటి పట్టుకుని ఒక సాయంత్రం చిన్నమామ ఇంటికి పోయాం, అత్తగారితో సహా. మేనల్లుడు ఉత్సాహంగా అన్ని విద్యలూ చూపించాడు. చిన్నమామ ఓపిగ్గా చూసి, "గిన్ని ఒత్తులెందుకు బిడ్డా? ఒక్క ఒత్తుకు ఎలగాలె, ఇంకో ఒత్తుకు ఆరాలె. పాము ముంగట నిలవడి లెక్కవెట్టుకుంట ఒత్తాల్నా?" అన్నాడు. మా వాడి దగ్గర జవాబు లేదు. వాడు మాట మార్చడానికి కొవ్వొత్తి వెలుగు పెట్టి చూపించాడు. నిజంగా ముచ్చటగా ఉంది, గాలికి ఊగినట్టు ఊగుతోంది. అత్తగారు మాత్రం చటుక్కున లేచి కూర్చున్నారు. "గదేందిరా, దీపం కొడిగట్టినట్టు కొట్టుకుంటది? ఆపు ముందుగాల" అన్నారు.

ఆ ప్రోగ్రాము రాసినవాళ్లు ఆ రెపరెప కోసం ఎంత కష్టపడి ఉంటారో! వాళ్లకి అది హాయి. మనకి దీపం రెపరెపలాడితే గుండె జారుతుంది. ఆరిపోయిందని కూడా అనం, కొండెక్కిందంటాం. సాయంత్రం బల్బు స్విచ్చి వేసి కూడా చేతులు జోడించే ఇళ్లు మనవి. ఆ మాట వాళ్ల లెక్కలో ఎలా రాస్తారు?

ఇక్కడే నాకు ఆ టార్చి మీద అసలు గౌరవం కలిగింది. అందులో రెండు పద్ధతులున్నాయట, ఒకటి విద్వాంసులకి, ఇంకోటి మామూలు మనుషులకి. మామూలు పద్ధతిలో కొవ్వొత్తులూ మెరుపులూ ఏమీ దొరకవు. అతి తక్కువా అతి ఎక్కువా వెలుగు హద్దులు మనమే ముందుగా పెట్టెయ్యొచ్చు. ప్రోగ్రాము చెయ్యగలగడమంటే కొత్త విద్యలు చేర్చడమనుకున్నాను. తీసెయ్యడం కూడా అందులో ఉంది. మా వాడు అరుగు మీద కూర్చుని, పదిసార్లు నొక్కి పట్టుకునీ, లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టీ, అరగంటలో దాని చదువంతా మరిపించాడు.

పై హద్దు బాగా తగ్గించమన్నాను. వెయ్యి ల్యూమెన్లు పొలం గట్టు మీద ఎందుకు? కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడ్డానికి అరగంట పడుతుంది, కళ్లు జిగేలుమనే వెలుగు ఒక్క క్షణం చూస్తే అదంతా పోతుంది. ఆర్పగానే ఇంకా పెద్ద గుడ్డితనం. కింది హద్దు మాత్రం అతి చిన్నదే ఉంచమన్నాను. వెన్నెల వెలుగంటారు దాన్ని, ఒక్క ల్యూమెను కూడా ఉండదు. కట్లపాము పొలంలో కాదు, రాత్రిళ్లు ఇంట్లోకొచ్చి నేల మీద పడుకున్నవాళ్లని కాటేస్తుంది. మంచం దిగేముందు పక్కవాళ్ల నిద్ర చెడకుండా నేల చూసుకోవాలంటే ఆ చిటికెడు వెలుగే కావాలి. అది తాత టార్చిలో లేదు, నోకియాలో లేదు.

సెల్లు దగ్గర కాస్త తర్జనభర్జన జరిగింది. పెన్సిలు సెల్లుల టార్చి అయితే ఊళ్లో కిరాణా కొట్లో సెల్లులు దొరుకుతాయి. లిథియందైతే ఫోను చార్జరుతోనే నింపుకోవచ్చు. చిన్నమామ ఫోను ఎలాగూ రోజూ గోడకి వేలాడుతూనే ఉంటుంది. కాబట్టి లిథియందే ఖాయం చేశాం. పక్కన రక్షణ చుట్టు ఉన్న సెల్లే కొనాలనీ, విడి సెల్లుని చిల్లర డబ్బులతో కలిపి జేబులో వెయ్యకూడదనీ మా వాడు ముమ్మారు చెప్పాడు. నొక్కకుండా జారకుండా నడుముకి కట్టుకోవడానికి ఒక తాడు అత్తగారు పేనారు.

చిన్నమామ దాన్ని అందుకుని ఒక నొక్కు నొక్కాడు. వెలిగింది. ఇంకోటి నొక్కాడు. ఆరింది. చెప్పులు తొడుక్కుని బాయి దిక్కు నడిచాడు. అరుగు మీద నుంచి మేం చూస్తూనే ఉన్నాం. దూరంగా ఒక మెరుపు, చీకటి, పది అడుగులకి ఇంకో మెరుపు. "చార్జింగు ఒడవది మామా, ఎలిగించే ఉంచు" అని మా వాడు కేక వేశాడు. ఆయనకి వినబడలేదు, అప్పుడే నెత్తి మీంచి విమానమొకటి దిగుతోంది.